రెండు వేళ్లు, మూడు వేళ్లు

2011 సెప్టెంబరు 27, మంగళవారం, అమావాస్య. ఆ మధ్యాహ్నం రామమోహనరావు చంపాపేట్ రోడ్డుకు నట్టనడుమ చాప మీద బాసింపట్టు వేసుకుని, విస్తరాకులో గుమ్మడికాయ ముక్కలు పడిన కిచిడీ, పక్కన గ్లాసులో పచ్చిపులుసు పెట్టుకుని తిన్నాడు. తేదీ గుర్తుండిపోవడానికి కారణం ఆ గుమ్మడికాయ. అది ఆయనదే.

పెద్దల అమావాస్య కదా అని పొద్దున్నే భార్య కుసుమకుమారి పేరు మీద బియ్యం, పెసరపప్పు, గుమ్మడికాయ సంచిలో సర్దుకుని స్వయంపాకం ఇవ్వడానికి బయల్దేరాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలైంది. బస్సుల్లేవు. ఏటా పుచ్చుకునే పంతులుగారు పెద్ద అంబర్‌పేట్ నుంచి రాలేనని ఫోన్ చేశారు. గేటు దగ్గర సంచి పట్టుకుని ఎటూ పోలేక నిలబడిపోయిన మనిషిని కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు లలితమ్మ చూసింది.

"ఏంది సార్, గట్ల నిలబడ్డరు?"

సంగతి చెప్పాడు.

"గింతేనా? ఇయ్యాల మన కాలనీ వంటా-వార్పు ఉంది. గా పొయ్యిల పడితే అందరూ తింటరు. మేడం సంబరపడ్తది. ఇటియ్యుండ్రి."

అంతే. సంచి ఆవిడ చేతిలోకి వెళ్లిపోయింది. రోడ్డు మీదే పొయ్యి వెలిగించి, వండుకుని, అక్కడే బంతి కూర్చుని తినడం ఆ రోజుల్లో సమ్మెకు ఒక పద్ధతి. కుసుమకుమారి పేరున ఒక్కరికి పెట్టాల్సిన భోజనం కాలనీ మొత్తానికి పెట్టినట్టయింది. బతికుండగా ఆవిడకు వంట ఎప్పుడూ నలుగురికి ఎక్కువే అయ్యేది, కొలత తెలిసేది కాదు. ఆ లెక్కన ఇదే సరైన స్వయంపాకం అనుకున్నాడు రామమోహనరావు, రెండోసారి పచ్చిపులుసు పోయించుకుంటూ.

తింటుండగా రేపల్లె నుంచి బావమరిది జోగారావు ఫోన్.

"బావా, అక్కడ పరిస్థితి ఎలా ఉంది?"

"పచ్చిపులుసులో ఉల్లిపాయ కాస్త తగ్గింది. మిగతాదంతా బావుంది."

"నేనడిగేది అది కాదు బావా! టీవీలో చూస్తున్నాం. రోడ్డు మీదకు రాకు."

"రాను. వచ్చేశాను. కూర్చున్నాను కూడా," అని ఫోన్ పెట్టేశాడు.

మాట తేలిగ్గానే అన్నాడు గానీ, ఆయన మనసు తేలిగ్గా లేదు. ఆ బరువు పేరు వాసంతి.

వాసంతి కోదండం, లలితమ్మల కూతురు. కోదండానిది పోచంపల్లి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. పైవాటాలో రామమోహనరావు ఆరేళ్లుగా కిరాయికుంటున్నాడు. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో బాటనీ చెబుతాడు. వాసంతి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. చిన్నప్పుడు మేడ మెట్ల మీద కూర్చుని, "సార్, మొక్కలు నిద్రపోతయా? నిద్రల కలలొస్తయా?" అని ప్రాణం తీసిన పిల్ల. ఆ పిల్ల నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పేసింది, దసరా వెళ్లాక కాలేజీకి పోనని, దుకాణంలో కూర్చుంటానని. కోదండం అడ్డు చెప్పలేదు. పైగా గల్లా పక్కన ఒక స్టూలు ఖాళీ చేయించాడట. లలితమ్మ మాత్రం పొద్దున సంచి అందుకుంటూ ఆ మాట చెప్పి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కారణం ఒక పాఠం. కణంలో ప్రొటీన్ ఎలా తయారవుతుందనే పాఠం. అందులో ఒక ఆర్‌ఎన్‌ఏ పొడుగ్గా పోగులా ఉండి, ఏ ప్రొటీన్ కావాలో అక్షరాల్లో రాసిన కబురు మోస్తుంది. ఆ అక్షరాలు నాలుగే: ఎ, యు, జి, సి. మూడేసి అక్షరాలు ఒక మాట. చిన్న చిన్న మోత ఆర్‌ఎన్‌ఏలు ఒక్కొక్కటి ఒక్కో ముడిసరుకును వీపున వేసుకుని వచ్చి, తమ మూడక్షరాలతో ఆ మూడక్షరాలను పట్టుకుని, సరుకు దించి పోతాయి. వాసంతికి ఇదంతా కంఠతా వచ్చు. కానీ కంటికి కనిపించలేదు. పోయిన నెల మెట్ల మీద కూర్చుని అడిగింది.

"ఎట్ల పట్టుకుంటయ్ సార్? చేతులున్నయా?"

"హైడ్రోజన్ బంధాలమ్మా. ఎ-యు మధ్య రెండు, జి-సి మధ్య మూడు. రాసుకో."

"రాసుకున్న సార్. గా ముచ్చట అందరూ రాపిస్తరు. మీరు చూసిండ్రా, ఎట్లుంటదో?"

రామమోహనరావు చూడలేదు. భార్య పోయాక ఈ మూడేళ్లలో ఆయన పాఠం చెప్పడం మానేసి నోట్సు చెప్పించడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు గనక ఆయనకూ తెలియలేదు. ఆ తర్వాత పరీక్షలో వాసంతి ఆ పాఠం ప్రశ్న వదిలేసి వచ్చింది. తెలియనిది రాయడం అబద్ధం చెప్పినట్టుంటుంది అంది. అలాంటి చదువు కంటే దుకాణమే నయమనుకుంది.

భోజనాలయ్యాక విస్తళ్లు ఎత్తుతుండగా నరేష్‌కుమార్ వచ్చాడు. కాలనీ జేఏసీకి పెద్ద దిక్కు, మెడలో గులాబీ కండువా, గొంతు అప్పటికే సగం పోయింది.

"సార్, కాలేజీలు బందున్నయ్ కదా. రోడ్డు మీద బడి పెడ్తున్నం. జర మీరొక పాఠం చెప్పాలె."

"నేనా? నరేష్, నేను గుంటూరు జిల్లావాణ్ణయ్యా. సమ్మెలో నేను పాఠం చెబితే మీ సమ్మె ఏమవుతుంది?"

"క్లాస్‌రూంల చెప్తే సమ్మె చెడిపోతది సార్. రోడ్డు మీద చెప్తే గదే సమ్మె."

వెనక నుంచి ఎవరో కుర్రవాడు, "ఆంధ్రా సార్ అయితేంది, జర మెల్లగ చెప్పుండ్రి, మాకు సమజ్ కావాలె!" అని కేకేశాడు. నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో ముల్లు ఉందేమోనని రామమోహనరావు వెతికాడు. దొరకలేదు. కిచిడీ తిన్న కడుపులు నవ్విన నవ్వది.

రోడ్డు మధ్యలో చాపల మీద ఆడవాళ్లు కూర్చుని సాయంత్రం బతుకమ్మకు పూలు సర్దుతున్నారు. ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ, పండగలో మొదటి రోజు. తంగేడు, గునుగు, బంతి కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. వాసంతి తల్లి వెనక, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్లను చూశాక రామమోహనరావుకు వేరే పాఠం తోచలేదు. ఆ పాఠమే ఎత్తుకున్నాడు.

ఎత్తుకోవడమైతే ఎత్తుకున్నాడు గానీ, నాలుగు నిమిషాల్లో అది నోట్సయిపోయింది. పొయ్యి దగ్గర ఒకాయన ఆవులించాడు. అది చూసి పక్కాయన ఆవులించాడు. పూలు గుచ్చుతున్న కిష్టమ్మ, ఆ కాలనీలో అందరికంటే పెద్దావిడ, తల ఎత్తకుండానే అంది.

"సారూ, మీరు మంచిగనే చెప్తున్నరు. మాకే మంచిగ నిద్రొస్తుంది."

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వు తగ్గే లోపల, తల్లి వెనక నుంచి వాసంతి గొంతు వచ్చింది. గట్టిగా కాదు, గానీ అందరికీ వినిపించింది.

"ఎట్ల పట్టుకుంటయ్ సార్?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. రామమోహనరావు తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర రోడ్డు దాటాలంటే కుసుమకుమారికి భయం. ఒక చేతిలో కూరల సంచి, రెండో చేతిలో పర్సు. పర్సు పట్టుకున్న చేత్తోనే, మిగిలిన రెండు వేళ్లతో ఆయన రెండు వేళ్లు పట్టుకునేది. చెయ్యి కాదు, రెండు వేళ్లే. అవతలి ఫుట్‌పాత్ ఎక్కగానే వదిలేసి, ఏమీ ఎరగనట్టు ముందు నడిచేది. ఆ పట్టు ఏమంత గట్టిది కాదు, ఎవరు విదిలించినా ఊడిపోయేదే. కానీ ఇరవై ఏళ్లు ఆ రెండు వేళ్లతోనే దాటారు.

"కిష్టమ్మ గారూ," అన్నాడు. "ఒక్కసారి లేచి నిలబడతారా?"

"నేనేం జేసిన?"

"ఏం చెయ్యలేదు. ఇప్పుడు చెయ్యాలి. నాకెదురుగా నిలబడి రెండు వేళ్లు చాపండి."

ఆవిడ పూల తొడిమలు దులుపుకుని లేచి రెండు వేళ్లు చాపింది. రామమోహనరావు తన రెండు వేళ్లు వాటికి మెలిపెట్టాడు.

"నేను ఎ. మీరు యు. మన పట్టు రెండు వేళ్లది. జి, సి ఎదురుపడితే మూడు వేళ్ల పట్టు. మీరు రెండు చాపి, నేను మూడు చాపాననుకోండి..."

"ఒక వేలు గాలికి పోతది. కుదరది."

"కుదరదు. కుదరకపోతే ఆ మోతవాడు పక్కకు తప్పుకుంటాడు. సరైనవాడు వస్తాడు."

వాసంతి లేచి నిలబడింది. తల్లి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు వచ్చింది. కిష్టమ్మ వేళ్లనూ సార్ వేళ్లనూ కాసేపు చూసింది. అటు పోయి చూసింది, ఇటు వచ్చి చూసింది.

"సార్, ఎదురెదురుగ నిలబడితే ఆమె కుడి మీకు ఎడమ అయితది కదా?"

"అవును."

"అందుకేనా! మోత ఆర్‌ఎన్‌ఏది తిరగేసి రాస్తరు. ఎందుకు తిరగేస్తరో తెల్వక సచ్చిన. మొకం మొకం చూసుకుంటే తిరగబడే ఉంటది కదా సార్!"

"అంతేనమ్మా," అన్నాడు రామమోహనరావు.

ఇక ఆ పిల్ల ఆగలేదు. "అమ్మా, ఇంట్ల రంగుల నూలు ఉంది కదా, తేవే!" అంది. లలితమ్మ పరుగున పోయి పోచంపల్లి నుంచి వచ్చిన నూలు తెచ్చింది. ఎరుపంటే ఎ, పచ్చదంటే యు, ఈ ఇద్దరికీ రెండు వేళ్లు. పసుపంటే జి, నీలమంటే సి, వీళ్లకు మూడు. వాసంతి పన్నెండు మంది ఆడవాళ్లను వరసలో నిలబెట్టి మణికట్లకు నూలు కట్టింది. అది కబురు మోసే ఆర్‌ఎన్‌ఏ. ఇంకో పక్క ముగ్గురు ముగ్గురు అమ్మాయిలను జట్లు చేసి, వాళ్లకూ నూలు కట్టి, ఒక జట్టుకు తంగేడు, ఒక జట్టుకు గునుగు, ఒక జట్టుకు బంతి ఇచ్చింది. వాళ్లు మోత ఆర్‌ఎన్‌ఏలు.

"పూలు గుచ్చేటోళ్లు కావాలె. నాయినా, రా!"

కోదండం భారీ మనిషి. అప్పటిదాకా కుర్చీలో కూర్చుని, కూతురు కాలేజీ మానేస్తానన్నదో, కాలేజీనే రోడ్డు మీదకు తెచ్చిందో అర్థం కాక చూస్తున్నాడు.

"నేనేంది బిడ్డా గిందుల?"

"నువ్వు రైబోజోమ్. వరస పొంటి మూడడుగులు మూడడుగులు జరుగుకుంట, వాళ్లు తెచ్చిన పువ్వు అందుకోని దండ గుచ్చాలె."

"అంటే గుమాస్తనా?"

"గుమాస్త కాదు, మిషన్. నీల కూడ సగానికెక్కువ ఆర్‌ఎన్‌ఏనే ఉంటది నాయినా."

"మంచిది. నేను గుడ్డల దుకాణపోన్నే అనుకుంటున్న గిన్నొద్దులు," అని సూదీ దారం పట్టుకున్నాడు కోదండం. రోడ్డు రోడ్డంతా చప్పట్లు.

మొదటి జట్టు వచ్చింది. ఎ, యు, జి. వేళ్లు రెండు, రెండు, మూడు. కుదిరింది. తంగేడు పువ్వు దారంలోకి ఎక్కింది. రెండో జట్టూ కుదిరి గునుగు దిగింది. మూడో జట్టులో తేడా వచ్చింది. మొదటి ఇద్దరూ కుదిరారు. మూడో పిల్లది పసుపు నూలు, ఎదురుగా కిష్టమ్మది పచ్చ నూలు. మూడు వేళ్లకు రెండు వేళ్లు. అందరూ వాసంతి వైపు చూశారు. వాసంతి రామమోహనరావు వైపు చూసింది. ఆయన కళ్లతో నవ్వాడు.

"నడుస్తది!" అంది వాసంతి. "పసుపూ పచ్చా అయితే మూడో తావుల నడుస్తది. మొదటి ఇద్దరు సరిగ్గ కుదిరితే చాలు, మూడోది కొంచెం సర్దుకుంటది. నువ్వొక వేలు ముడుచుకోవే!"

"నా ముగ్గురు కోడండ్ల లెక్కనే," అంది కిష్టమ్మ. ఆ మూడో కోడలు పక్కనే ఉండి, "ఔ, నేనే సర్దుకునేది!" అనడంతో ఇంకో విడత నవ్వులు.

బంతిపువ్వు అందించాక కూడా కిష్టమ్మ ఆ పిల్ల వేళ్లు వదల్లేదు.

"ఇచ్చినంక ఇడువాల్నా సారూ?"

"విడవాలి. ఆ పట్టు అంతసేపే. పట్టుకునే ఉంటే వెనకవాళ్లకు చోటుండదు."

"పాపం," అంది కిష్టమ్మ, వదిలేస్తూ.

"పాపమేం లేదు. పువ్వు దండలోనే ఉంటుంది కదా," అన్నాడు రామమోహనరావు. ఆ మాట ఆవిడకు చెప్పాడో, తనకు చెప్పుకున్నాడో గానీ, చెప్పాక ఆయనకు ఊపిరి బాగా ఆడినట్టనిపించింది.

చివరి ముగ్గురిది యు, ఎ, ఎ. ఆ మాటకు మోతవాళ్లు ఎవరూ రారు. అక్కడ ఆగాలి. లలితమ్మ కత్తెరతో వచ్చి దారం తెంపింది. కోదండం చేతిలో దండ మిగిలింది. మళ్లీ చప్పట్లు.

"ఇంకోటి గుచ్చు మామా!" అని ఎవరో అన్నారు. మళ్లీ మొదలైంది. మళ్లీ దండ. మూడోది గుచ్చుతుండగా వాసంతి ఒక్కసారిగా తల పట్టుకుంది.

ఆ పన్నెండు మందీ వరసలో లేరు. గుండ్రంగా ఉన్నారు. నడుమ పూలకుప్ప, చుట్టూ వాళ్లు. ఎవరూ అనుకుని చెయ్యలేదు. బతుకమ్మ పొద్దు, కళ్లముందు పూలు. మెల్లమెల్లగా అడుగు జరుగుతూ జరుగుతూ ఆ కాళ్లు వాటి దారిన అవి తిరిగిపోయాయి. చివరి యు-ఎ-ఎ దగ్గర ఆగిన కోదండానికి పక్కనే మొదటి ఎ-యు-జి వేళ్లు చాపుకుని సిద్ధంగా ఉంది. అందుకే ఆయన నడవాల్సిన పని లేకుండా దండ మీద దండ గుచ్చుతున్నాడు.

"అమ్మా! లైన్ల నిలబడుమంటే గిదేంది? అంతా ఖరాబు జేసిండ్రు!"

"ఏం జెయ్యాలె బిడ్డా," అంది కిష్టమ్మ. "నడుమ పూలు పోసి లైన్ల నిలబడుమంటే కాళ్లు ఇంటయా?"

వాసంతి మొహం వాడిపోయింది. "తప్పయింది సార్. ఆర్‌ఎన్‌ఏకి మొదలు, చివర ఉండాలె. గుండ్రంగ ఉండది. మా పుస్తకంల సీద గీత ఉంటది. అంతా సరిగ్గ వచ్చిందనుకున్న..."

రామమోహనరావు నవ్వుతున్నాడు. మామూలుగా పెదవులతో నవ్వే మనిషి, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. మూడేళ్లలో ఆ ఇంటివాళ్లు ఆ నవ్వు చూడటం అదే మొదలు.

"తప్పు కాదమ్మా. మన కణాల్లో నిజంగా అలాగే జరుగుతుంది. దానికి మొదలూ చివరా ఉంటాయి, నువ్వన్నట్టే. కానీ కొన్ని ప్రొటీన్లు ఆ రెండు కొసలనూ దగ్గరికి తెచ్చి పట్టుకుంటాయి. అప్పుడు కబురు గుండ్రంగా అవుతుంది. చివర దిగిన రైబోజోమ్‌కు మొదలు పక్కనే దొరుకుతుంది. మళ్లీ ఎక్కేస్తుంది, ఇదిగో, మీ నాన్నగారిలాగే."

"నిజమా సార్?"

"నిజం. నేను పెద్ద పుస్తకాల్లో చదివాను. అంతా వివరంగా ఇంకా తేలలేదనుకుంటాను. మీ ఇంటర్ పుస్తకంలో ఆ ముక్క లేదు."

వాసంతి కళ్లు పెద్దవయ్యాయి. ఆడవాళ్ల వలయాన్ని చూసింది. తండ్రి చేతిలో మూడో దండను చూసింది. మొక్కలకు కలలొస్తాయా అని అడిగిన నాటి గొంతు ఎక్కడి నుంచో తిరిగొచ్చింది.

"ఇంకేమేం లేవు సార్ మా పుస్తకంల?"

"చాలా లేవు."

"మీ దగ్గర ఉన్నదా గా పెద్ద పుస్తకం?"

"పైన అలమరాలో ఉంది. ఇంగ్లీషు కాస్త ముదురుగా ఉంటుంది."

"ఏం గాదు. చదువుకుంట."

ఆ మాట కోదండం విన్నాడు. దారం పళ్లతో తెంపుతూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"గల్లా పక్కన గా స్టూలు ఉత్తగనే ఖాళీ చేపిచ్చిన. గిరాకులకు అడ్డమస్తుంది. రేపు తీసేస్త."

లలితమ్మ మొగుడి వంక చూసి, కత్తెర కొంగున చుట్టుకుంది. వాసంతి వెళ్లి తండ్రి చేతిలో దండ లాక్కుని, "నాలుగోది సరిగ్గ గుచ్చు, గునుగు ఊడిపోతుంది," అని కసిరింది.

సాయంత్రం బతుకమ్మలు రోడ్డు మీదికి వచ్చాయి. కోదండం గుచ్చిన దండలు వాటి చుట్టూ వేశారు. చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆడవాళ్ల మణికట్లకు నూలు పోగులు అలాగే ఉన్నాయి. రెండో చుట్టులో ఎర్రనూలు, పచ్చనూలు ఎదురుపడినప్పుడల్లా వేళ్లు కలిపి కిలకిల నవ్వుకుంటున్నారు. పాటకూ దానికీ సంబంధం లేకపోయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నరేష్‌కుమార్ ఉన్న సగం గొంతుతో, "రేపు ఎల్బీనగర్ చౌరస్తల కూడ గిదే పాఠం పెడ్తం సార్. రైబోజోమ్‌కు నేనుంట," అన్నాడు.

రామమోహనరావు పైకి వచ్చి అలమరాలో పుస్తకం వెతికి, దుమ్ము దులిపి, మెట్లు దిగి వాసంతికి ఇచ్చాడు. పుస్తకం మొదటి పేజీలో కుసుమకుమారి పేరుంది. ఆయన పుస్తకాలు పోకుండా అన్నింటి మీదా ఆవిడే పేరు రాసుకునేది, తన పేరుంటే ఎవరూ తీసుకెళ్లరని. వాసంతి ఆ పేరు మీద ఒకసారి వేలు పెట్టి, పేజీ తిప్పింది.

కాసేపయ్యాక ఆయన మంచినీళ్లకు లేచి కిటికీలోంచి చూశాడు. కింద వాకిటికి అవతలి పక్క వాసంతి గదిలో లైటుంది, కిటికీ తీసుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతి రెండు వేళ్లను కుడిచేతి రెండు వేళ్లతో పట్టుకుని వదులుతోంది. తర్వాత మూడు. మళ్లీ రెండు.

ఇంటి ముందు తలుపు వెయ్యడానికి కోదండం వచ్చాడు. ఆయన రోజూ తలుపు వేస్తే దుకాణం షట్టర్ దించినట్టే ఉంటుంది, పైవాటాలో గిన్నెలు గల్లుమంటాయి. రామమోహనరావు అలవాటుగా గ్లాసు గట్టిగా పట్టుకున్నాడు.

చప్పుడు రాలేదు.

కోదండం గుమ్మంలో ఆగి, కూతురి గదిలోంచి నేల మీద పడుతున్న వెలుగు వైపు చూశాడు. తర్వాత రెండు వేళ్లతో తలుపు రెక్క పట్టుకుని, మెల్లగా దగ్గరికి లాగి, గడియ కూడా వినపడకుండా వేశాడు.